లేదనడం రాని సర్వర్

కోరుట్లలో సెల్‌ఫోన్లు బాగుచేసే ఫక్రుద్దీన్‌కు ఒక్క మాట నోరు తిరగదు: "లేదు". తయారీ ఆగిపోయిన ఫోనుకు బ్యాటరీ అడిగినా "ఉన్నది, కూసోండ్రి" అని చాయ్ చెప్పి, జగిత్యాల దాకా పోయి తెచ్చేవాడు. ఈలోపు గిరాకీ ఆకలై ఇంటికి పోయేవాడు.

2011, సకల జనుల సమ్మె. బస్సులు కదలడం లేదు. ఉద్యమంలో ప్రాణాలు తీసుకున్న పిల్లల ఫొటోలకు చౌరస్తాలో దండలు వాడక ముందే కొత్త ఫొటో వచ్చేది. ఎవరికీ నవ్వు రాని రోజులు. ఏ ఊరికి ఏ జీపు పోతోందో చెప్పే యాప్ కోసం, కంప్యూటర్లు చదివిన నవనీత ఆయన దుకాణంలోనే సర్వర్ పెట్టింది. జనం ఫోన్లో అడిగితే దుకాణంలోని కంప్యూటర్ జవాబిస్తుంది. దొరక్కపోతే "బండి లేదు" అంటుంది.

ఫక్రుద్దీన్ ముఖం మాడ్చుకున్నాడు. "గిదేంది బిడ్డా? ఆపతిల అడిగినోనికి లేదంటమా? చూస్తున్నం, ఆగుర్రి అని రాయి."

"ఎంతసేపు ఆగాలె చాచా?"

"బండి దొరికేదాంక!"

పెద్దమనిషి మాట కాదనలేక రాసింది. రెండో రోజుకే సర్వర్ గుడ్లు తేలేసింది. జవాబు రాని ప్రతి ఫోనూ ఒక్కో లైను పట్టుకుని కూర్చుంటే, కొత్తవాళ్లకు చోటెక్కడిది?

"నీ మర్యాదకు మిషన్ సచ్చింది చాచా! ఉన్న బండ్లు గూడ చెప్తలేదు!"

ఆయన వింటేగా! మధ్యాహ్నం కాగానే స్కూటర్ తీసుకుని మాయం. రోజూ ఇదే వరస. కునుకు తీయడానికే పోతున్నాడని నవనీతకు ఒళ్లు మంట.

ఆ రోజు సిరిసిల్ల నుంచి ఎల్లవ్వ అనే ఆమె దుకాణానికి ఫోన్ చేసి గొల్లుమంది. బిడ్డ శాంత జగిత్యాల దవాఖానలో ఉంది. పురిట్లోనే పసికందు పోయింది. అల్లుడు దుబాయ్‌లో. పక్కన దిక్కులేదు. "పక్కింటోళ్ల ఫోన్ల మీ మిషన్ను అడిగితె ఆగుర్రి అంటది. ఎంతసేపు ఆగాలె సారూ?"

"అస్తది అవ్వా, ఆగు" అని ఫక్రుద్దీన్ మళ్లీ మాయమయ్యాడు. నవనీతకు తిక్క రేగింది. ఉత్త ఆశ పెట్టడం కంటే నిజం చెప్పడమే మేలనుకుంది. "బండి లేదు" అని రాసేసింది. సర్వర్ చకచకా నడిచింది కానీ, ఆమెకు అన్నం సయించలేదు.

సాయంత్రం ఫోన్ మోగింది.

"బిడ్డా, ఎల్లవ్వను. జగిత్యాల అచ్చిన. శాంత నన్ను పట్టుకొని ఏడ్శి ఏడ్శి గిప్పుడే ఇంత గంజి తాగింది."

"ఎట్ల అచ్చినవ్ అవ్వా?"

"మీ దుకాణపాయన స్కూటర్ మీద. దవాఖానకాడ ఇంకో ముగ్గురు గుర్తువట్టిండ్రు, మమ్ముల గూడ ఈయన్నే దెచ్చిండని. మల్ల అడిగితె మీ మిషన్ లేదన్నది గదయ్యా అంటె ఏమన్నడో ఎర్కేనా? 'అది కొత్తగ అచ్చిందవ్వా, దానికి నా స్కూటర్ సంగతి తెల్వది' అన్నడు."

నవనీత కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. సర్వర్‌లో జీపుల జాబితా తెరిచి, అన్నిటికంటే పైన ఒక బండి చేర్చింది: చాచా స్కూటర్, ఒక్క సీటు, ఏ ఊరికైనా.