ఆ ఫొటో కింద రాసింది నేనే

ఏడేళ్ళ నుంచి ఒక ఫొటో నన్ను నిద్రపోనివ్వడం లేదు. నా ఫొటో కాదు. మా ఎమ్మెల్యేది. అసెంబ్లీలో తన బెంచీ దగ్గర లేచి నిలబడి ఉంటాడు. ఒక చెయ్యి కండువా మీద, ముఖం కాస్త గంభీరంగా. ఆ ఫొటోలో అబద్ధమేమీ లేదు. అబద్ధమంతా కింద ఉన్న రెండు లైన్లలో ఉంది. ఆ రెండు లైన్లూ నేను రాసినవే.

మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకి చెబుదామని ఎన్నిసార్లు నోరు తెరిచానో! తెరిచి, "టీ తాగుతావా?" అని అడిగేసి ఊరుకున్నాను. ఒకసారి పాస్టరు గారి దగ్గరికి కూడా వెళ్ళాను. ఎదురుగా కూర్చున్నాక మా తమ్ముడి ఉద్యోగం కోసం ప్రార్థన చెయ్యమని అడిగి వచ్చేశాను. నా ధైర్యం అంతవరకే.

సరే, నసగకుండా చెప్తాను.

ఒంగోలుకి బస్సులో గంట దూరంలో ఉంటుంది మా ఊరు. ఊరి చివర మా పల్లె, పల్లె మధ్యలో చర్చి. మావన్నీ కూలి బతుకులే. కాకపోతే మా అమ్మానాన్నల కాలంలో ప్రభుత్వం కొంతమందికి తలా ఒక ఎకరం పట్టా ఇచ్చింది. నల్లరేగడి. మా ఎదురింటి సువార్తమ్మకి కూడా ఒక ఎకరం వచ్చింది. నాకు వరసకి అత్త. భర్త పోయాక ఆ ఎకరంలోనే ఒక ఏడు మిరప, ఒక ఏడు పత్తి వేసుకుని, ఇంకొకరి చేలోకి కూలికి పోకుండా బతికింది. పొద్దున్నే చెంగు దోపుకుని "తోటకి పోయొస్తానే" అని పల్లె అంతా వినబడేట్టు చెప్పి మరీ వెళ్ళేది. అంత గొంతు ఎందుకత్తా అంటే నవ్వేది. నా తోటకి నేను పోతన్నా, మెల్లగా ఎందుకు చెప్పాలి అనేది.

నేను డిగ్రీ చదివాను. గుంటూరు బ్రాడీపేటలో తెలుగు టైపింగు నేర్చుకున్నాను. ఎమ్మెల్యే ఆఫీసులో ఉద్యోగం దొరికింది. పనేమిటంటే, ఆయన రోజూ ఏం చేశాడో రాసి, ఫొటో పెట్టి, నియోజకవర్గంలోని వాట్సాప్ గ్రూపులన్నిట్లోకీ వదలడం. పెళ్ళికెళ్తే నూతన వధూవరులను ఆశీర్వదించాడు. చావుకెళ్తే పార్థివదేహానికి నివాళులర్పించాడు. కాలవలో పూడిక తీస్తుంటే కారాపి చూస్తే పనులను పర్యవేక్షించాడు. ఇవన్నీ రాసీ రాసీ నా చేతికి ఒక అలవాటు పడింది. ఏది జరిగిందో తర్వాత సంగతి, ఎలా రాస్తే బాగుంటుందో ముందు తట్టేది.

ఆ ఏడు అసెంబ్లీకి ఒక బిల్లు వచ్చింది. పేదలకిచ్చిన పట్టా భూములు పరిశ్రమలకి కావాలంటే ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. నోటీసు అందిన నెలలోపు అభ్యంతరం రాసివ్వాలి. ఇవ్వకపోతే ఒప్పుకున్నట్టే. మా పొలాల మీద ఎవరి కన్నో పడిందని అప్పటికే అందరికీ తెలుసు. ఎమ్మెల్యే మా పల్లెకొచ్చి, చర్చి ముందు మైకు పట్టుకుని, ఈ బిల్లుని నేను ఒప్పుకునే ప్రసక్తే లేదన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఒట్టు, ఆ రోజు నేను కూడా నమ్మాను.

ఓటింగు అయిన సాయంత్రం ఆయన పీఏ నాకొక వీడియో పంపి ఫోన్ చేశాడు. ఊళ్ళో గొడవగా ఉందట, ఏదో ఒకటి పెట్టమ్మా అన్నాడు. అంతే అన్నాడు. అబద్ధం రాయమని అనలేదు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే నేను మర్చిపోదామని చాలా ప్రయత్నించాను.

వీడియో మొదటినుంచీ చూశాను. ఎవరో ఓట్లు లెక్కపెట్టాల్సిందేనని పట్టుబట్టారు. బిల్లుకి అనుకూలంగా ఉన్న సభ్యులు లేచి నిలబడండి అని స్పీకర్ గొంతు వినబడింది. ఒక్కో వరసా లేచింది. మా ఎమ్మెల్యే కూడా లేచాడు. లెక్కపెట్టే మనిషి వేలు చూపిస్తూ ముందు నుంచి వెళ్తుంటే కండువా సర్దుకున్నాడు. కూర్చున్నాడు. అర నిమిషంలో అయిపోయింది.

వీడియో పెడితే స్పీకర్ మాట వినబడుతుంది. ఫొటో పెడితే వినబడదు. ఈ తెలివి నాకెక్కడి నుంచి వచ్చిందో! ఆయన నిలబడ్డ చోట వీడియో ఆపి ఫొటో తీశాను. అటూ ఇటూ లేచినవాళ్ళని కత్తిరించేశాను. ఒక్కడే మిగిలాడు. కింద రాశాను. "పేదల భూముల కోసం సభలో ఒంటరిగా లేచి నిలబడ్డ మన నాయకుడు. నల్ల బిల్లుపై గళమెత్తిన రైతుబిడ్డ."

గళమెత్తడం కూడానా! ఆయన నోరే విప్పలేదు. ఒంటరిగా అన్న మాట ఎందుకు పెట్టాను? ఎవరడిగారు? బాగుంటుందని పెట్టాను. అంతకన్నా కారణం వెతికితే దొరకడం లేదు. మర్నాటికి అది ప్రతి ఫోన్లోనూ ఉంది. ఎమ్మెల్యే నన్ను లోపలికి పిలిపించి, నీకు రాయడం వచ్చమ్మా అన్నాడు. ఆయన ఎటు ఓటేశాడో అసెంబ్లీ రికార్డుల్లో ఉంటుంది. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. మా పల్లెలో ఆ రికార్డు తెరిచి చూసేవాళ్ళు ఎవరూ లేరని కూడా ఇద్దరికీ తెలుసు. అయినా ఆ మెప్పుకి పొంగిపోయాను. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఇంటికెళ్ళేప్పుడు స్వీట్లు కొనుక్కెళ్ళాను.

ఇక్కడితో ఆగితే నేను కూడా అందరిలాంటి దాన్నే. కూటి కోసం నాలుగు అబద్ధాలు రాసిన మనిషిని. ఆగలేదు.

బిల్లు చట్టమైంది. పల్లెకి నోటీసులొచ్చాయి. అందరూ అభ్యంతరాలు రాయించుకుని ఒంగోలు కలెక్టరాఫీసులో ఇచ్చి రావాలనుకున్నారు. రాయాల్సింది నేనే. పల్లెలో ఏ కాయితమైనా నేనే రాసేదాన్ని. ఆ ఆదివారం చర్చి వదిలాక సువార్తమ్మత్త మెట్ల దగ్గర నన్ను ఆపింది. చుట్టూ పదిమంది ఆడవాళ్ళు.

"ఏమే అమ్మాయ్, రేపు అర్జీలు పట్టుకుని ఒంగోలు పోవాలంటగా? తోటలో కాయ పండి రాలిపోతా ఉంది. కూలోళ్ళని కూడా పిలుచుకున్నా. పోవాలంటావా?"

నేను వంగి చెప్పులు తొడుక్కున్నాను.

"ఆయన మనకోసమే లేచాడంటగా. ఫోన్లో చూపించారులే నాకు. ఒక్కడే నిలబడ్డాడు పాపం. నువ్వు ఆయన దగ్గరే పనిచేస్తన్నావుగా, నువ్వు చెప్పు. నిజమేనా?"

"నిజమే అత్తా."

"అయితే ఈ కాయితాలు అక్కర్లేదా?"

"అక్కర్లేదులే అత్తా. ఆయన చూసుకుంటాడు."

"అట్టా చెప్పు మరి! నువ్వు చెప్పాక ఇంకేంది?" అని పక్కవాళ్ళ వైపు తిరిగింది. "విన్నారా? మన పిల్లే చెప్తంది."

ఎందుకన్నాను? ఏడేళ్ళుగా ఇదే ప్రశ్న. నా చేతిరాతతో అర్జీలు వెళ్తే ఉద్యోగం పోతుందన్న భయమా? అది కొంత నిజం. ఫొటో సంగతి బయటపడుతుందన్న భయమా? అదీ నిజమే. కానీ ఇంకోటి ఉంది, అది చెప్పడమే కష్టం. అంతమంది ముందు, లోపలి సంగతులన్నీ తెలిసిన మనిషిలా నన్ను అడగడం నాకు నచ్చింది. తెలీదు అనడం, కాదు అనడం చిన్నతనంగా తోచింది. ఆ నచ్చడం కోసం నేను మా పల్లెని ముంచాను. ఇంతకన్నా మర్యాదగా చెప్పడం నావల్ల కావడం లేదు.

ఆ సోమవారం మా పల్లె నుంచి ఒక్కరూ కదల్లేదు. నెల దాటిపోయింది. ఒకరోజు లారీలో రాళ్ళు తెచ్చి పాతారు, ముళ్ళకంచె లాగారు. సువార్తమ్మత్త తోటలో రెండో కోత కాయ చెట్టు మీదే ఉండిపోయింది. ఆవిడ కంచె బయట నిలబడి ఎర్రగా పండిన ఆ కాయని చూస్తుంటే మేమంతా వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాం. పట్టుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ చెయ్యి ఎలా పట్టుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు.

ఆ తర్వాత ఆవిడ కూలికి వెళ్ళడం మొదలుపెట్టింది. అరవై దాటిన మనిషి, కూలీల ముఠాతో ఆటోలో వెళ్ళి వేరేవాళ్ళ చేలల్లో మిరపకాయలు కోసేది. పొద్దున్నే వెళ్ళేప్పుడు ఎవరికీ చెప్పేది కాదు. ఎవరైనా ఎమ్మెల్యేని తిడితే మాత్రం ఊరుకునేది కాదు. ఆయన లేచాడమ్మా, మిగతావాళ్ళు సాగనివ్వలా అనేది. అది నా వాక్యమే. నేను రాసినది నా ఎదురింట్లో తిరుగుతూ ఉండేది.

మనస్సాక్షి ఒప్పుకోక ఆ ఉద్యోగం మానేశానని రాయాలని ఉంది. కాదు. ఆయన ఓడిపోయాడు, ఆఫీసు మూసేశారు. నేను బ్రాడీపేట వచ్చి ఒక కోచింగ్ సెంటర్లో ప్రశ్నపత్రాలు టైపు చేసుకుంటున్నాను.

పరిశ్రమ రానేలేదు. కంచెలో సర్కారు తుమ్మ పెరిగింది. వాడుకోని భూమి తిరిగి ఇమ్మని అడగొచ్చని ఎవరో చెబితే, పల్లెవాళ్ళు అర్జీ రాయమని మళ్ళీ నన్నే పిలిచారు. రాశాను. మొన్న సోమవారం విచారణకి ఒంగోలు వెళ్ళాం. ఆఫీసరు మంచివాడిలాగే ఉన్నాడు. "మరి అప్పుడు అభ్యంతరం ఎందుకు ఇవ్వలేదమ్మా?" అని అడిగాడు.

సువార్తమ్మత్త చేతులు జోడించింది. "తెలవకయ్యా. చదువులేనోళ్ళం. మాదే తప్పు."

ఆయన అది రాసుకున్నాడు. నేను పక్కనే కాయితాలు పట్టుకుని నిలబడ్డాను. నోరు మెదపలేదు. అవును, రెండోసారి కూడా.

తిరుగు బస్సులో చెప్పేశాను. చెప్పాలని ఎక్కలేదు. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని సంచీలోంచి అరటిపండు తీసి సగం నాకిచ్చింది. అంతే, ఇక ఆగలేకపోయాను. బస్సు మోత. మెల్లగా చెబితే వినబడటం లేదు. గట్టిగా చెప్పాల్సి వచ్చింది. వీడియో సంగతి, కత్తిరించిన సంగతి, మెట్ల దగ్గర అన్నీ తెలిసే అబద్ధమాడిన సంగతి. ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను.

ఆవిడ తిట్టలేదు. ఏడవలేదు. అరటిపండు తొక్క సంచీలో వేసుకుని ఒక్కటే అడిగింది.

"అప్పుడు కాయితాలు ఇచ్చుంటే నిలిచేదా?"

పక్క ఊళ్ళో ఇచ్చినవాళ్ళలో కొందరికి నిలిచింది, కొందరికి పోయింది. నిలిచేది కాదులే అత్తా అనొచ్చు. ఆవిడకీ కాస్త ఊరట, నాకూ. నాలుక చివరిదాకా వచ్చింది.

"తెలీదత్తా," అన్నాను.

మా ఊరి స్టాపులో దిగి, నాకోసం ఆగకుండా వెళ్ళిపోయింది. ఇప్పటిదాకా మాట్లాడలేదు. మాట్లాడమని అడిగే ముఖం నాకు లేదు.

నిన్న ఒంటరిగా ఒంగోలు వెళ్ళి, జరిగిందంతా రాసి, కింద నా పూర్తి పేరు పెట్టి, ఆ ఆఫీసరుకి ఇచ్చి వచ్చాను. దాన్ని ఫైల్లో పెడతారో, పక్కన పడేస్తారో తెలీదు. పొలం వస్తుందో రాదో అంతకన్నా తెలీదు. మీకు మాత్రం పేరు చెప్పలేదు, ఆ పిరికితనం ఇంకా మిగిలే ఉంది. అయినా ఇవాళ పొద్దున్నుంచీ గుండె కొంచెం తేలిగ్గా ఉంది, అలా ఉన్నందుకు నా మీద నాకే కోపంగానూ ఉంది. ఆ ఆఫీసులో సువార్తమ్మత్త "మాదే తప్పు" అన్న కాయితంతో పాటు ఇప్పుడు ఇంకో కాయితం ఉంది. తప్పు ఆవిడది కాదు, నాది అని అందులో ఉంది.