ఉప్పు చల్లిన గడ్డి

పీట ఇలా లాక్కుని దగ్గరగా కూర్చోండి. గేదెకు గడ్డి వేస్తూనే చెబుతాను. ఈ గడ్డి సంగతే.

మా ఊళ్లో వరిగడ్డికి ధర ఉంటుందని నాకు చాలాకాలం తెలియదు. కోతలకు, నూర్పిళ్లకు వెళ్లిన ఆడవాళ్లం పని అయ్యాక తలా ఒక మోపు గడ్డి ఎత్తుకొచ్చేవాళ్లం. కూలి వేరు, మోపు వేరు. ఆ మోపులే ఇంటి వెనక మేటుగా పేర్చుకుంటే ఏడాదంతా పాడి గడిచిపోయేది.

తర్వాత సామర్లకోట దారిలో ఒక ఫ్యాక్టరీ పెట్టారు. గడ్డిని యాసిడ్ వేసి ఉడికించి ఫర్ఫ్యూరల్ అనే రసాయనం తీస్తారు. ఇనుము పోత పోసే అచ్చుల్లో ఇసుక గట్టిపడడానికి వేసే జిగురు దాన్నుంచే వస్తుందట. అంతకుముందు ఆ సరుకంతా ఓడల్లో పైదేశం నుంచి దిగేదట. మా వైపు ఊళ్లలో గడ్డి పోగుచేసే ఏజెంటు మా తమ్ముడే. అమ్మ పొలం వెళితే వాణ్ని చంకనేసుకుని తిప్పింది నేను.

“అక్కా, నీ మాటంటే వీధిలో ఆడోళ్లు వింటారు. మోపులన్నీ ఒకచోట మేటెయ్యమను,” అన్నాడు.

“గేదెల నోటికాడ గడ్డి లాక్కోమంటావేంట్రా?”

“ఆ డబ్బుల్తో దాణా కొనుక్కోండి. గేదెలే నీకు దండం పెడతాయి.”

మొదటి ఏడాది వాడన్నట్టే జరిగింది. రెండో ఏడాది నా మాట మీద ఎనిమిది ఇళ్లవాళ్లు గడ్డంతా ఒకే మేటులో వేశారు. కోతల మీద వాన పడి గడ్డి తడిసింది. తడిసిన గడ్డిని మా వైపు వరస వరసకీ ఉప్పు చల్లి పేరుస్తాం. బూజు పట్టదు, పశువు ఇష్టంగా తింటుంది. కానీ ఇది తినేది పశువు కాదు కదా అని నాకు అనుమానం వచ్చింది. దోసిట్లో ఉప్పు పట్టుకునే ఫోన్ చేశాను.

“తమ్ముడూ, చల్లమంటావా, వద్దా?”

“చల్లెయ్యక్కా. గడ్డి నల్లబడితే గేటు దాటనివ్వరు.”

చల్లాం. లారీకి అందరం కలిసి కిరాయి ఇచ్చుకున్నాం. ఫ్యాక్టరీ చూడాలని నేనూ, పక్కింటి వదినా కేబిన్లో ఎక్కాం.

గేటు దగ్గర ఇంజనీరు గుప్పెడు గడ్డి లోపలికి పంపి పరీక్ష చేయించాడు. కాసేపటికి తిరిగొచ్చి, “దీంట్లో ఉప్పుందండి అమ్మా. మేం తీసుకోలేం,” అన్నాడు.

“ఉప్పుంటే ఏమవుద్ది బాబూ?”

“యాసిడ్‌తో ఉప్పు కలిస్తే మా స్టీలు పాత్రల్ని కొరికేస్తుందండి. ఒక్క పాత్ర పోయినా ఏడాది లాభం దాంతోనే పోద్ది.”

“కడిగిస్తే?”

“కడిగి, ఆరబెట్టి, కూలీలకిచ్చి... అసలు గడ్డి లారీ అంటే సగం గాలిని మోసుకు రావడమేనండి. మీరిచ్చే కిరాయి కూడా కలిపే మేం ధర కడుతున్నాం. ఆ పైన ఈ ఖర్చు కూడా పెడితే ఓడలో వచ్చే సరుకే చవక.”

పాలు అమ్మి బతికేదాన్ని, ఆ లెక్క నాకు అర్థమైంది. వెన్న ధర పొయ్యిలో కట్టెలకే అయిపోతుంటే నెయ్యి ఎవరు కాస్తారు?

అంతలో తమ్ముడు వచ్చాడు. ఇంజనీరు వాడివైపు తిరిగి, “ఉప్పు తగలకూడదని కాగితం ఇచ్చాం కదండీ. అందరికీ చదివి వినిపించమన్నాం,” అన్నాడు.

“వినిపించాను సార్. మా అక్క పాతకాలం మనిషి, వినదు.”

లారీ టైరు వైపు చూస్తూ అన్నాడు. నా వైపు చూడలేదు. ఫోన్లో వాడన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే వాడి పని అక్కడే పోతుంది. చంకన మోసిన బరువు గుర్తొచ్చి మింగేశాను.

తిరుగు దారిలో కాలువ వంతెన దాటాక వదిన అంది.

“చెప్పాడంట కదమ్మా. నీ చెవిలోనే దాచుకున్నావా?”

ఆ సాయంత్రం వాడు ఫోన్ చేశాడు.

“నలుపైతే కంటికి కనపడుద్దక్కా. ఉప్పు ఎవరు చూస్తార్లే అనుకున్నా. అక్కవి కాబట్టి నీ మీద పెట్టా. ఏమనుకోకు.”

అక్కని కాబట్టి అట. గడ్డి వెనక్కి వచ్చినందుకు కాదు, ఆ ముక్కకే నాకు అన్నం సయించలేదు.

మర్నాడు ఎనిమిది గుమ్మాలూ ఎక్కి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కొందరు నమ్మారు. వదిన మాత్రం, “నిన్న గేటు దగ్గర నీకు నోరు లేదా?” అంది. వెనక్కొచ్చిన గడ్డిలో ఎవరి మోపులు వాళ్లకు పంచాం. ఉప్పు గడ్డి కదా, గేదెలు పరక మిగల్చకుండా తినేశాయి. కిరాయి డబ్బులు మాత్రం ఎవరికీ తిరిగి రాలేదు.

మళ్లీ కోతలప్పుడు తమ్ముడు వచ్చాడు. అన్నం పెట్టాను. చేయి కడుక్కున్నాక, “అక్కా, ఈసారి గడ్డి...” అన్నాడు.

“ఆ కాగితం పట్టుకురా. వదిన వాళ్లమ్మాయి చదువుద్ది, అరుగు మీద అందరం కూర్చుని వింటాం. నాకు ఫోన్లో ఏం చెప్పావో కూడా అక్కడే చెప్పు. తర్వాత గడ్డి సంగతి.”

రేపు తెస్తానని వెళ్లాడు. ఇంతవరకూ రాలేదు. ఫ్యాక్టరీవాళ్లు ఇప్పుడు గడ్డికి బదులు చెరకు పిప్పి కొంటున్నారని విన్నాను.

వదిన మొన్న జున్నుపాలు పంపింది. నాకు అది చాలు. ఇక మీరు లేవండి, పొద్దు వాలుతోంది. మీ ఇంట పాడి నిండుగా ఉండాలి. మీ తోడబుట్టినవాళ్లు మీకు ఫోన్లో చెప్పిన మాటే పదిమంది ముందూ చెప్పాలి. చల్లగా ఉండండి.