జానెడు జరిపిన మేకు

పక్కింటోళ్లు గోడలకి సున్నం కొడతా ఉండారు, వాసన వస్తా ఉండాదా అమ్మీ? ఈ తడి సున్నం వాసన తగిలితే చాలు, నాకు రత్నమ్మ గుర్తొస్తాది. నా బడి రోజులు అడిగినావుగా, రాసుకో. రత్నమ్మ, నేను ఆత్మకూరులో ఒకే బడిలో సైన్సు టీచర్లం. ఆమెది సీతారామపురం కాడ పల్లె, నాది ఉదయగిరి. నాకంటే పదేళ్లు చిన్నది. నేను పాఠం చెప్తే పిల్లకాయలు గంట కోసం చూసేవాళ్లు. ఆమె చెప్తే గంట కొట్టినా లేచేవాళ్లు కాదు. పక్క క్లాసులో ఆ నవ్వులు వింటా ఉంటే నాకు కడుపు మండిపోయేది. నీ కాడ దాచేదేముంది.

ఒకసారి సైన్సు ఫెయిర్‌కి ఆకాశం నుంచి వచ్చే న్యూట్రినోలనే సన్నటి కణాల్ని ఎట్టా పట్టుకుంటారో చేసి చూపిస్తానన్నది. "ఏందిమే, కంటికి కనపడనిదాన్ని ఏం చూపిస్తావు?" అన్నాను. "కనపడదక్కా. కొండలో దూరి, మీలో దూరి, అవతలికి పోతానే ఉంటాది. ఎప్పుడో ఒకటి దక్షిణ ధ్రువం కాడ మంచులో గుద్దుకుంటే నీలం వెలుగు గీత మాదిరి వస్తాది. ఆ గీత పట్టుకుని వెనక్కి పోతే ఆకాశంలో యాణ్నుంచి బయల్దేరిందో తెలుస్తాది" అనింది. "తెలుసుకుని?" అన్నాను. "దాన్ని అంత బలంగా విసిరింది ఏందో చూడొద్దా అక్కా?"

ఆ వెలుగు పట్టేదానికి మంచులో దింపే గాజుబుడ్లకి బదులు దారాలకి చిన్న బల్బులు వేలాడదీసింది. కొత్తగా సున్నం కొట్టిన గోడే ఆకాశం. దానిమీద బొగ్గుతో గెలాక్సీలు. వెలిగిన బల్బుల వరస వెంబడి ఎర్రదారం లాగితే ఒక గెలాక్సీ నడిమధ్య కొట్టిన మేకు కాడికి పోతాది. దాన్ని విసిరిన నల్లబిలం అదే. ఆ ఫెయిర్‌లో గెలిచిన టీచరునే జిల్లా పోటీకి పంపిస్తారు. నేను ఇరవై ఏళ్లుగా పోవాలనుకుంటా ఉండా. ముందురోజు సాయంత్రం పిల్లకాయలు బస్సులకి పోయినాక, ఆ మేకు పీకి జానెడు పక్కన ఖాళీ గోడమీద కొట్టినాను. పాత బొక్కలో తడి సున్నం కుక్కినాను.

తెల్లారి నెల్లూరు నుంచి వచ్చిన ఆఫీసరు దారం చూసి, "ఈడ ఖాళీ గోడేగదమ్మా" అన్నాడు. నేను వాకిట్లో నిలబడి చూస్తా ఉండా. రత్నమ్మ గోడ దిక్కు ఒకసారి చూసింది. "నిజంగా గూడా చాలాసార్లు ఇంతే సార్. ఒక్క గీతని నమ్మి ఇదే దీని పుట్టిల్లు అనకూడదు. ఆ దిక్కుకే మిగతా టెలిస్కోపులు తిప్పి, అదే సమయంలో ఆడ ఏదన్నా గెలాక్సీ భగ్గుమనిందేమో చూస్తారు. చూసిందాకా తెలీదనే చెప్పాల" అనింది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని అంతా విన్నాడు. జిల్లాకి ఆమెనే పంపించినారు.

టీ టైంలో నా పక్కకొచ్చింది. "అక్కా, మీ కుడిచేతి గోట్లో సున్నం ఉండాది. నేను బల్ల ఎక్కి కొట్టిన ఆ ఎత్తుకి చేయి అందేది గూడా మన బళ్లో మీకొక్కరికే" అనింది మెల్లగా. హెడ్మాస్టరు ఎదురుగానే ఉండాడు. ఆమె టీ గ్లాసు నా చేతిలో పెట్టి క్లాసుకి పోయింది.

నేను రిటైరయ్యేదాకా ఆమె ఎవురికీ చెప్పలా. ఆ ఏడు నుంచే నేను గూడా తెలీనిదాన్ని తెలీదని చెప్పడం నేర్చుకున్నా, పిల్లకాయలు నా కాడ గూడా ఇంకాసేపు కూర్చున్నారు. ఆమె జిల్లాకి పోయిన కుళ్లు ఎప్పుడో పోయిందిలే. అదే నేనైతే ఆ సాయంత్రం ఉదయగిరి బస్సులో అందరికీ చెప్పుండేదాన్ని. ఆమె నోరు కట్టుకుని ఉండగలిగింది చూడు, దానిమీద కుళ్లు మాత్రం ఇంకా పోలా.