కిటికీ ఊచకి కట్టిన జడ

పోయిన మంగళవారం పొద్దున్న కాఫీ గ్లాసులో పొయ్యబోయి పళ్ళెంలో పోశాను, బుధవారమూ అంతే, గురువారం కాలి మీద పోసుకున్నాను కనుక శుక్రవారం ఏలూరు వెళ్ళి కంటి డాక్టరుకి చూపించుకున్నాను. ఎడమ కంటి చూపు మెల్లమెల్లగా పోయిందట, ఇక రాదట. మనవరాలి ఈడు డాక్టరమ్మ కాగితం మీద రెండు కళ్ళు గీసి వివరంగా చెప్పింది. రెండు కళ్ళకీ మధ్య కాస్త ఎడం ఉంటుంది గనక ఒక్కో కంటికి బొమ్మ కొంచెం తేడాగా కనిపిస్తుందట, ఆ తేడాని బట్టే ఏది దగ్గరో ఏది దూరమో మెదడు కొలుచుకుంటుందట. ఒక కన్ను పోతే ఆ కొలత ఉండదు. అప్పుడు తలని కొంచెం అటూ ఇటూ కదిపి చూస్తే దగ్గరున్నది ఎక్కువ జరిగినట్టూ, దూరాన ఉన్నది తక్కువ జరిగినట్టూ కనిపించి తెలిసిపోతుందట. ఆవిడకేం తెలుసు, యాభై ఒక్క ఏళ్ళ కిందట ఒక పిల్ల నాకు ఈ పాఠం చెప్పిందని.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. తాడేపల్లిగూడెంలో ఆడపిల్లలకి మిషను కుట్టు నేర్పే కేంద్రంలో టీచర్ని. ఆ ఏడాది ఇరవై ముగ్గురు పిల్లలు, ఎనిమిది మిషన్లు. నా క్లాసులో మొదటి నియమం నడుం నిటారుగా, తల నిలకడగా ఉండాలని. ఎవరు ఎన్నిసార్లు తప్పారో పుస్తకంలో గీతలు పెట్టేదాన్ని. ఆ ఇరవై ముగ్గురిలో ఒక సాయిబుల పిల్ల ఉండేది, పంతొమ్మిదేళ్ళది. వాళ్ళ నాన్న ఏలూరులో తివాచీలు నేసేవాడు, చూపు మందగించి పని తగ్గింది. పిల్ల గూడెంలో మేనత్త ఇంట్లో ఉండి నేర్చుకుంటోంది. కైకలూరు వైపు కొల్లేటి ఊళ్ళో ఒక ఆడపిల్లల బడివాళ్ళు, పరీక్ష ప్యాసై సర్టిఫికెట్టు తెస్తే కుట్టు టీచరుగా తీసుకుంటామని మాట ఇచ్చారు. ఇంట్లో అయిదుగురికీ ఇక ఆ ఉద్యోగమే ఆధారం.

ఆ పిల్లకి చిన్నప్పుడు అమ్మవారు పోసి కుడికంట్లో పువ్వు వేసి, ఆ చూపు పోయింది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు మెడ సాచి, తల రెండుసార్లు అటూ ఇటూ ఊపి, టక్కున గుచ్చేది. అచ్చం కొల్లేట్లో కొంగ చేప కోసం చూసినట్టే ఉండేది. మిగతా పిల్లలు ఊరుకుంటారా!

“కొంగమ్మా, చేప దొరికిందాండీ?”

“దొరికితే తోకముక్క మాక్కూడా పెట్టండీ!”

నేను వాళ్ళని మందలించలేదు. నవ్వు నాకూ వచ్చింది. ఎందుకలా ఊగుతావని నిలదీస్తే ఆ పిల్ల చాలా మర్యాదగా చెప్పింది.

“దగ్గరది ఎక్కువ జరుగుద్దండీ టీచరుగారూ, దూరంది తక్కువ. దారం, సూది ఒక్కలాగే జరిగినప్పుడు గుచ్చేత్తానండీ.”

“ఇది కుట్టు క్లాసు, కోలాటం కాదు,” అన్నాను. క్లాసంతా గొల్లుమంది.

నాకు లెక్క చూడనిదే తోచదు గనక గడియారం పెట్టుకుని చూశాను. తల ఊపితే ఆ పిల్లకి ఏడు సెకన్లు పట్టింది, మిగతావాళ్ళలో చురుకైనదానికి తొమ్మిది. తల కదపకుండా ఇరవైసార్లు ప్రయత్నించమంటే పద్నాలుగుసార్లు దారం సూది ముందునుంచో వెనకనుంచో జారిపోయింది. ఈ అంకెలన్నీ నా చేత్తోనే రాసుకుని కూడా, సాధన చాలలేదని తేల్చాను. పరీక్ష చెయ్యడానికి వచ్చే ఆవిడ చూస్తే జబ్బుపిల్ల అనుకుంటుందని చెప్పి, ఆ పిల్ల జడ చివర నాడాతో వెనక కిటికీ ఊచకి కట్టాను. పదకొండు రోజులు, రోజుకి అరగంట, మొత్తం అయిదున్నర గంటలు. తల ఊపబోతే జడ లాగేది. పువ్వు వేసిన కంట్లోంచి కూడా నీళ్ళు కారతాయని నేను అప్పుడే చూశాను. పన్నెండో రోజు కట్టకపోయినా తల కదల్లేదు. గెలిచాననుకున్నాను.

పరీక్ష మూడు గంటలు, పసిపిల్ల గౌను కుట్టాలి. దారం నాలుగుసార్లు తెగింది. నాలుగుసార్లూ ఆ పిల్ల తల రాయిలా పెట్టుకునే తడుముకుంది. ఇరవై రెండు నిమిషాలు దానికే పోయాయి, కాలరు కుట్టకుండానే గంట కొట్టారు. ముప్పై అయిదు వస్తే ప్యాసు, ముప్పై ఒకటి వచ్చాయి. పరీక్ష చెయ్యడానికి వచ్చిన ఆవిడ మూడు గంటలూ వరండాలో కూర్చుని వక్కపొడి నములుతూ వారపత్రిక చదువుకుంది. ఏ పిల్ల తల వంకా చూడలేదు. పరీక్ష నియమాల కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది, పద్నాలుగు నియమాలు. తల మాట ఒక్కదాంట్లోనూ లేదు.

వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్ళాడు. “దాని కోసం మీరు చాలా శ్రమపడ్డారండి, దాని రాత అంతేనండి,” అని నాకు దణ్ణం పెట్టాడు. నేను ఆ దణ్ణం పుచ్చుకున్నాను.

మళ్ళీ ఏడేళ్ళకి ఏలూరు బస్టాండులో కనిపించింది, చంకలో జాకెట్ల మూట. దుకాణాలవాళ్ళకి కాజాలు కుట్టి ఇస్తోందట, సూదుల్లో దారం అక్క కూతురు ఎక్కించి పెడుతుందట. “బాగున్నారాండీ టీచరుగారూ,” అంది నవ్వుతూనే. అంతలో బస్సు వచ్చింది. తల నిటారుగా పెట్టుకుని, కాలితో మెట్టు కోసం గాలిలో వెతికింది; అందక మోకాలి కింద ఇనుపరేకు కొట్టుకుంది. కండక్టరు “చూసుకుని ఎక్కమ్మా!” అని కసిరాడు. తల మాత్రం కదపలేదు.

ఆ కుట్టు కేంద్రం చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టుంది, దారం ఎక్కించే మీట మిషనుకే ఉంటోంది. ఇప్పటి పిల్లలు టీచర్ల మాట వినడం లేదని మా ఈడువాళ్ళం నలుగురం చేరినచోటల్లా బాధపడుతూ ఉంటాం. ఆ మాట వచ్చేసరికి నేను లేచి వచ్చేస్తాను. నా మాట వినని ఇరవై ఇద్దరూ మిషన్లు కొనుక్కుని సుఖంగా బతికారు. విన్నది ఆ ఒక్కతే.