అక్కతో కలిసి పెట్టిన దరఖాస్తు

ఆ ప్రకటనను మా డాక్టరమ్మ ఫోన్‌లో చూసి, ప్రింట్ తీయించి, టీకాల గదిలో నా టేబుల్ మీద పెట్టి వెళ్లింది. పైన పెన్నుతో 'సిస్టర్, ఇది మీకోసమే' అని రాసి ఉంది. చిన్న ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే నర్సులు, డాక్టర్లు తొలిసారి పరిశోధన చేయాలనుకుంటే ఏడాదిపాటు నిధి ఇస్తారట. ముందుగా పది రోజులు హైదరాబాదులో శిక్షణ ఇస్తారట. తోడుగా ఉండి నేర్పించడానికి అనుభవమున్న పరిశోధకురాలిని కూడా చూపిస్తారట. రెండుసార్లు చదివి, కాగితం మడిచి రిజిస్టర్‌లో పెట్టేశాను. పరిశోధన అంటే నా మనసులో ఉన్న బొమ్మ వేరు. తెల్ల కోట్లు, గాజు గొట్టాలు, ఏసీ గదులు. నా దగ్గర ఉన్నవి ఒక బీపీ మిషన్, బరువు చూసే మిషన్, నాలుగు రకాల రిజిస్టర్లు.

నేను పర్ణశాల దాటాక అడవిలోకి పోయే దారిలో ఉన్న ఒక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సును. మా కింద ఉన్న ఊళ్లలో సగం కోయ గూడేలు. వానాకాలం వచ్చిందంటే వాగులు పొంగి, రెండు మూడు రోజులు ఆ ఊళ్లకు దారే ఉండదు. అందుకే నెలలు నిండిన ఆడవాళ్లు వారం ముందే వచ్చి ఉండడానికి మా ఆవరణలో ఒక గది కట్టారు. మంచాలు వేశారు, ఫ్యాన్లు పెట్టారు, భోజనం పెట్టే ఏర్పాటు చేశారు. ఆ గదికి దాదాపు ఎవరూ రాలేదు. నొప్పులు మొదలయ్యాక మంచం మీద మోసుకొచ్చేవాళ్లు. వాగు దాటలేక అవతలి ఒడ్డునే కాన్పయిన వాళ్లూ ఉన్నారు. మీటింగుల్లో పై అధికారులు అడిగినప్పుడల్లా మేమంతా ఒకే జవాబు చెప్పేవాళ్లం: అవగాహన లేదు సార్.

రెండు రోజుల తర్వాత డాక్టరమ్మ అడిగింది. ఆమెది మధిర దగ్గర ఊరు. వయసులో నాకంటే పదేళ్లు చిన్న.

"ఏమైందండీ సిస్టర్, అప్లై చేశారా?"

"నాకెందుకు మేడం ఇవన్నీ? నాకు పరిశోధన ఏం వస్తది?"

"వాళ్లెందుకు రావట్లేదు మేడం అని మీరు నన్ను రోజూ అడుగుతారు కదా. అదే రాయండి. అంతకంటే ఏముంటుంది పరిశోధనలో?"

అలా మొదటి దరఖాస్తు రాశాను. 'గర్భిణులలో అవగాహన లోపం, కారణాలు' అని పేరు పెట్టాను. డాక్టరమ్మ ఇంగ్లీషు సరిచేసింది. ఆ ఆదివారం భద్రాచలం మీదుగా మణుగూరు వెళ్లి నాన్నకు చెప్పాను. ఆయన బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. పరిశోధన అంటే ఏమిటో ఆయనకు పూర్తిగా అర్థం కాలేదు కానీ, అది దొరకడం కష్టమని మాత్రం అర్థమైంది. చర్చిలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు లేచి నిలబడి, "మా బిడ్డ రీసెర్చ్ గురించి అందరు ప్రార్థన చెయ్యండ్రి" అన్నాడు. ఆ సాయంత్రం చర్చికి వచ్చే ఇద్దరు పెద్దమ్మలు యాపిల్ పండ్లు పట్టుకుని ఇంటికొచ్చారు. ఒకామె నా చెయ్యి పట్టుకుని, "ధైర్యంగ ఉండు బిడ్డా. డాక్టర్లు ఏమన్నరు, మందులతోని తగ్గుతదా?" అని అడిగింది. నాన్న ముఖం చూసి నాకు నవ్వు ఆగలేదు. అది రోగం కాదని చెప్పినా పండ్లు వెనక్కి తీసుకోలేదు వాళ్లు.

మూడు నెలలకు జవాబు వచ్చింది. ఎంపిక కాలేదు. కింద ఎవరో రెండు వాక్యాలు రాశారు: 'మీ ప్రశ్నలోనే మీ జవాబు ఉంది. వాళ్లకు తెలియదని మీకు ఎలా తెలుసు?'

నాకు చాలా కోపం వచ్చింది. ఏసీ గదిలో కూర్చుని రాసేవాళ్లకు ఈ అడవి ఏం తెలుసు అనుకున్నాను. ఆ కోపంలోనే ఆ మాటలు అక్కకు చదివి వినిపించాను.

అక్క అంటే మా ఆశా కార్యకర్త. రెండు వాగుల అవతల ఉండే కోయ గూడెం ఆమెది. నాకంటే పెద్దది. నేను ఇక్కడికి బదిలీ మీద వచ్చిన మొదటి వారం, ఏ ఇంటికి ఏ వైపు నుంచి వెళ్లాలో, ఏ కుక్క కరుస్తుందో, ఎవరి ముందు ఎవరి పేరు ఎత్తకూడదో చెప్పింది ఆమే. ఏడో తరగతి దాకా హాస్టల్లో చదివింది. తెలుగు రాస్తుంది, కోయ మాట్లాడుతుంది. నన్ను నలుగురి ముందు సిస్టర్ అనీ, ఇద్దరమే ఉన్నప్పుడు చెల్లె అనీ పిలుస్తుంది.

చదివింది విని అక్క నవ్వింది.

"గా ముక్క రాసినోళ్లు తెలివిగల్లోళ్లే ఉన్నరు చెల్లె."

"ఏందక్కా, నువ్వు కూడ గట్లంటవ్?"

"మరి ఏమనాలె? మా చిన్న కోడలు కడుపుతో ఉన్నప్పుడు నువ్వొచ్చినవ్. బరువు చూసినవ్, రక్తం చూసినవ్, ఎప్పుడొస్తవని అడిగినవ్. ఎందుకు రావని అడగలే. ఎవ్వరిని అడగలే ఇప్పటిదాక."

మా ఆరోగ్య కేంద్రం కింద ఉన్న సబ్‌సెంటర్ అరుగు మీద కూర్చుని ఉన్నాం. నిజంగానే అడగలేదు నేను. ఇన్నేళ్లలో వాళ్లకు చెప్పిన మాటలు ఎన్నో ఉన్నాయి. అడిగినవి మాత్రం తేదీ, బరువు, ఎన్నో కాన్పు, అంతే.

మరుసటి ఏడాది అదే ప్రకటన మళ్లీ వచ్చినప్పుడు ఇద్దరం కలిసి దరఖాస్తు పెట్టాం. ఈసారి 'అవగాహన లోపం' అన్న మాట లేదు. 'కాన్పుకు ముందు ఎక్కడ ఉండాలో ఇంట్లో ఎలా నిర్ణయిస్తారు' అని పెట్టాం. పేరు అక్క చెప్పిందే. సహ పరిశోధకురాలిగా అక్క పేరు రాస్తుంటే ఆన్‌లైన్ ఫారం ఒప్పుకోలేదు. విద్యార్హత దగ్గర నొక్కితే డిగ్రీ, పీజీ, పీహెచ్‌డీ అనే వస్తున్నాయి. అట్టడుగున 'ఇతరములు' అని ఒకటి ఉంది. వాళ్ల ఆఫీసుకు ఫోన్ చేశాను. అవతల ఒకమ్మాయి ఓపికగా విని, "ఇతరములు నొక్కి, పక్కన మీకు తోచింది రాయండి మేడం" అంది.

"ఏం రాయాలక్కా?" అన్నాను.

అక్క ఆలోచించింది. "ఈ గూడేలల్ల పిల్లలు చానమంది పుట్టినప్పుడు నేను పక్కనే ఉన్న అని రాయి. అబద్ధమైతె గాదు గద?"

అదే రాశాం.

ఇంటర్వ్యూ డాక్టరమ్మ గదిలో, ఆమె ల్యాప్‌టాప్ ముందు జరిగింది. అక్క పండగకు కొన్న చీర కట్టుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. తెర మీద ముగ్గురు ఉన్నారు. నన్ను ఇంగ్లీషులో అడిగారు. నేను ఇంగ్లీషులో మొదలుపెట్టి, సగంలో తెలుగులోకి దిగిపోయాను. చివరికి వాళ్లలో ఒక పెద్దావిడ అక్క వైపు చూసి తెలుగులో అడిగింది.

"అమ్మా, సిస్టర్ గారు ఉన్నారు కదా. ఈ పనిలో మీరేం చేస్తారు?"

"సిస్టర్ అడిగితే వాళ్లు 'అవ్' అంటరు మేడం. నేనడిగితే 'కాదు' అని కూడ అంటరు."

ఆ పెద్దావిడ కళ్లద్దాలు తీసి ఏదో రాసుకుంది. రెండు వారాలకు ఎంపికయ్యామని మెయిల్ వచ్చింది. డాక్టరమ్మ మైసూర్‌పాక్ తెప్పించి ఓపీకి వచ్చినవాళ్లందరికీ పంచింది. అయితే శిక్షణకు ఒక్కరికే చోటు, అది కూడా రిజిస్టరైన నర్సులకో డాక్టర్లకో మాత్రమే. అక్కను తీసుకెళ్లడం కుదరదన్నారు. ఆ సంగతి ఆమెకు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. విని, "నువ్వు నేర్చుకొని రా. నాకు నువ్వు చెప్పు" అంది. భద్రాచలం బస్టాండు దాకా వచ్చి నన్ను ఎక్కించింది. కిటికీలోంచి చూస్తే చెయ్యి ఊపుతోంది కానీ మొహం ఎప్పటిలా లేదు. అంతకుముందు ఆమె హైదరాబాదు చూడలేదు.

శిక్షణలో అందరికంటే పెద్దదాన్ని నేనే. లెక్కల పాఠాలు సగమే తలకెక్కాయి. ఒక పాఠం మాత్రం బాగా గుర్తుండిపోయింది. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒక ప్రశ్న అడిగి, అవతలివాళ్లు మాట్లాడేదాకా నోరు మూసుకుని ఉండమన్నారు. నావల్ల కాలేదు. అడగడం, వెంటనే జవాబు కూడా నేనే అందించడం. మా టీచరు నవ్వి, "నర్సులందరికీ ఇదే కష్టం" అంది. సాయంత్రం ఫోన్‌లో అక్క "ఇయ్యాల ఏం నేర్పిండ్రు?" అని అడిగితే ఇది చెప్పాను.

"ఊకుండుడా? గా పని నాకొచ్చు" అంది.

తిరిగొచ్చాక, ఆ పది రోజుల పాఠాలు సబ్‌సెంటర్ అరుగు మీద మధ్యాహ్నాలు అక్కకు చెప్పాను. ఆడవాళ్లతో మాట్లాడే ముందు వాళ్ల అనుమతి తీసుకునే కాగితం ఒకటి ఉండాలి. నేను రాసినది అక్క చదివి ముఖం చిట్లించింది.

"ఇష్టం లేకపోతే ఎప్పుడన్నా తప్పుకోవచ్చు అని ఆఖర్ల రాసినవ్. నిజంగనా? తప్పుకుంటె మీరు కోపం చెయ్యరా?"

"చెయ్యనక్కా."

"గట్లయితే గదే మొదలు పెట్టు. మిగిలింది తర్వాత వింటరు."

దాన్నే మొదటి వాక్యం చేశాం. మా పరిశోధనకు దారి చూపించే మేడం ఆ కాగితం చూసి, ఇంత మంచి అనుమతి పత్రం ఈ మధ్య చూడలేదని రాసింది. అక్క ఆ మెయిల్‌ను మూడుసార్లు చదివించుకుంది.

ఇప్పపూలు రాలే రోజుల్లో తిరిగాం. పొద్దున ఆడవాళ్లంతా పూలు ఏరుకుంటారు కాబట్టి, ఎండ ముదిరి వాళ్లు ఇళ్లకు చేరాక వెళ్లేవాళ్లం. అక్క కోయలో అడిగేది. అడిగి ఊరుకునేది. నేను పక్కన కూర్చుని రికార్డర్ పట్టుకునేదాన్ని. ఒక్కోసారి ఆ నిశ్శబ్దం ఎంతసేపు ఉండేదంటే, నాకు మంచినీళ్లు అడగాలనిపించేది. ఆ తర్వాత మాటలు వచ్చేవి.

ఒక ఇంట్లో చిన్నవయసు తల్లి ఒకామె, మొదటి కాన్పుకు మా గదికి వచ్చానని చెప్పింది. నేను ఆశ్చర్యపోయాను. వచ్చిన కొద్దిమందిలో ఆమె ఉన్నట్టే నాకు గుర్తులేదు. ఆమె చెబుతూ పోయింది, అక్క తెలుగులో చెబుతూ వచ్చింది. తోడు వచ్చిన అత్తకు పడుకోవడానికి చోటు లేదు. వరండాలో పడుకుంది. అక్కడి పప్పు సయించక, కోడలికి కాస్త జావ కాయాలని వెనక మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించింది. ఒక సిస్టర్ వచ్చి అందరి ముందు అరిచింది. పొయ్యి మీద నీళ్లు పోయించింది. అత్త ఆ మధ్యాహ్నమే కోడలిని తీసుకుని ఊరికి వెళ్లిపోయింది.

"ఎవరా సిస్టర్?" అన్నాను.

ఆమె ఏదో చెప్పింది. అక్క తెలుగులో చెప్పలేదు.

"చెప్పక్కా."

"ఇంకో ఇంటికి పోదాం నడువు."

"అక్కా, ఉన్నదున్నట్టు చెప్పాలని అనుకున్నం గద."

అక్క నా మోకాలి మీద చెయ్యి వేసింది. "నువ్వేనంట చెల్లె."

రికార్డర్ నడుస్తూనే ఉంది. తర్వాత విన్నప్పుడు అందులో చాలాసేపు కోళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. నాకు ఆ పొయ్యి గుర్తొచ్చింది. ఆక్సిజన్ సిలిండర్లు పక్క గదిలో ఉన్నాయన్న భయంతో అరిచాను. నిప్పు భయం నిజమే. కానీ ఎక్కడ వండుకోవాలో చూపించలేదు, ఎందుకు వండుతున్నావని అడగలేదు. పొయ్యి పెట్టిన ఆ అత్తే అప్పుడు ఇంటి వెనక చేటలో ఇప్పపూలు ఆరబోస్తోంది. లేచి ఆమె దగ్గరికి వెళ్లి, తప్పయిందని చెప్పాను. అక్క కోయలో చెప్పబోతే ఆమె ఆపింది, తెలుగు అర్థమైందన్నట్టు. "గప్పుడు నీకు పని శాన ఉండె" అని, నాకు కూర్చోవడానికి పీట వేసింది. తిరిగి వచ్చేటప్పుడు దారంతా అక్క నా చెయ్యి వదల్లేదు.

నివేదికలో ఆ సంగతి రాశాను. 'ఆ నర్సు ఈ పరిశోధకురాలే' అని కూడా రాశాను. మా పరిశోధనకు దారి చూపించే మేడం ఫోన్ చేసి, ఉంచాలా తీసేయాలా, మీ ఇష్టం అంది. ఉంచమన్నాను. మిగతా ఇళ్లలో విన్నవి కూడా ఇలాంటివే. వారం ముందు రావాలని దాదాపు అందరికీ తెలుసు. తోడు వచ్చే మనిషికి మంచం లేదని, తాము తినే తిండి అక్కడ దొరకదని, ఇంట్లో మిగిలిన చిన్నపిల్లలను తీసుకురానివ్వరని వాళ్లకు ఇంకా బాగా తెలుసు.

డాక్టరమ్మ ఆ నివేదిక పట్టుకుని ఎవరెవరి చుట్టూ తిరిగిందో నాకు పూర్తిగా తెలియదు. వానలకు ముందు, సిలిండర్లకు దూరంగా, గోడ అవతల ఒక రేకుల వంటపాక వచ్చింది. ప్రతి మంచం పక్కన తోడు మనిషికి ఇంకో మంచం పడింది. పిల్లలను తీసుకురావచ్చని గూడేలలో అక్క స్వయంగా చెప్పి వచ్చింది. ఆ వానాకాలం గది నిండిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. కొంతమంది వచ్చారు. కొంతమంది ఇప్పటికీ రారు, వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. వచ్చినవాళ్ల పిల్లలు గదిలో పరుగులు పెడుతుంటే, ఇంజెక్షన్ ట్రే పట్టుకుని నడవడం కష్టంగా ఉంటుంది. ఆ కష్టం గురించి ఎవరికీ ఫిర్యాదు చేయలేదు నేను.

ఫలితాలు చెప్పే సభకు మాత్రం ఇద్దరినీ పిలిచారు. అక్క హైదరాబాదు చూసింది. మెట్రో ఎక్కి, దిగి, ఇంకోసారి ఎక్కుదామంది. సభలో పది నిమిషాలు మాట్లాడమంటే నాలుగు నిమిషాల్లో ముగించి, "ఇంకేమన్నా ఉంటె అడుగుండ్రి" అని కూర్చుంది. తిరుగు ప్రయాణంలో, బస్సు కదిలాక, ఉన్నట్టుండి అడిగింది.

"చెల్లె, ఇంటింటికి తిరిగి తిరిగి మా ఆశాలకు మోకాళ్లు అరిగిపోయినయ్. గా సంగతి ఎవరన్న అడిగిండ్రా ఎప్పుడన్న?"

"నాకు తెలిసి ఎవరు అడగలేదక్కా."

"మరి దానికి పైసలిస్తరా వీళ్లు?"

ఇస్తారో లేదో తెలియదన్నాను. ఆమె చేతిసంచిలోంచి సభలో ఇచ్చిన నోట్‌బుక్ తీసి, పెన్ను నా దగ్గర అడిగి తీసుకుని, మొదటి పేజీలో ప్రశ్నలు రాయడం మొదలుపెట్టింది. బస్సు కుదుపులకు అక్షరాలు వంకర పోతుంటే కొట్టేసి మళ్లీ రాసింది. నేను ఊరుకున్నాను.