జీవామృతం కోసం ఆగిన వారం

నా చిన్నప్పుడు, విమానాలు ఆగిపోయిన ఏడాది, మా తాతయ్య అబుదాబిలో మా దగ్గర చిక్కుకుపోయారు. విజిట్ వీసా మీద నాలుగు రోజులు ఉండి పోదామని వచ్చిన మనిషి. ఊళ్ళో నానమ్మకు ఆయాసం. రోజూ ఫోన్‌లో "ఎప్పుడొస్తవ్" అని అడిగేది.

మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మేముండే విల్లా వెనక కాస్త ఇసుక నేల ఉండేది. ఖాళీగా కూర్చోలేక తాతయ్య అందులో గోంగూర వేశారు. మొక్కలు పసుపుబారాయి. నాన్నతో ఎక్కడో తోట నుంచి ఆవు పేడ, మూత్రం తెప్పించి, బెల్లం, శనగపిండి వేసి, నీలం డ్రమ్ములో జీవామృతం అనే ఎరువు కలిపారు. గాలి ఆడకపోతే అందులోని సూక్ష్మజీవులు చస్తాయని పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పేవారు. ఆ ఎండకు అదీ చాలదని మా చేపల తొట్టి పంపు గొట్టాన్ని డ్రమ్ములోకి దించారు. బుడగలు వస్తుంటే ఇద్దరం చూస్తూ కూర్చునేవాళ్ళం.

"కంపు కొట్టకుంట పులవాలె బిడ్డా. గదే పని."

పక్కింటి అక్క ముక్కు మూసుకుని, "తాతా, మీరు ఇండియా పోతేగానీ మాకు గాలాడదు" అని నవ్వేది.

డ్రమ్ములో మళ్ళీ కొత్తగా కలిపిన మర్నాడే ప్రత్యేక విమానంలో సీటు ఉందని ఫోన్ వచ్చింది. తాతయ్య కాసేపు ఆలోచించి, "ఇప్పుడే కలిపిన. మొక్కలకు పోసి వచ్చే వారం పోత" అన్నారు. నాకు సంతోషమైంది.

ఆ వారంలోనే నానమ్మ నిద్రలో పోయింది.

దహనం ఫోన్‌లో చూశాం. పలకరించిన బంధువులందరిదీ ఒకటే మాట. "విమానాలే లేకపాయె, నువ్వు మాత్రం ఏం జేస్తవు మామా." వాళ్ళకు అలా చెప్పింది నాన్నే. తాతయ్యను ఎవరూ ఒక మాట అనకూడదని.

"విమానం ఉండె. సీటు గూడ ఇచ్చిన్రు. డ్రమ్ముల మందు కలిపిన్నని నేనే ఆగిన" అని తాతయ్య ప్రతి ఒక్కరికీ చెప్పారు. అవతలివాళ్ళు ఏదో పని చెప్పి ఫోన్ పెట్టేసేవారు. ఒకాయన మాత్రం, "పేడనీళ్ళ కోసం ఆగినవా?" అన్నాడు. "ఆగిన" అన్నారు తాతయ్య. మధ్యలో లేచి వెళ్ళి డ్రమ్ము తిప్పి వచ్చేవారు.

నాన్న ఉండబట్టలేకపోయారు. "ఎవలడిగిన్రు బాపూ? ఎందుకు చెప్తున్నవ్?"

"ఆమె దినాలు అబద్ధం మీద చెయ్యమంటవా రా?"

కిందటి నెల ఊళ్ళో తాతయ్య పోయారు. పరీక్షల మధ్యలో ఉన్నానని నేను వెళ్ళలేదు. "పరీక్షలాయె, నువ్వేం చేస్తవు" అని అందరూ అంటున్నారు. ఆ మాట వినడానికి హాయిగా ఉంటుంది. మిగిలిన పేపరు తర్వాత రాస్తానంటే కాలేజీలో ఒప్పుకునేవారేనని, నేను అడగనే లేదని వాళ్ళకు చెబుతున్నాను.