నరసింగరావు గారి గడకర్ర

నరసింగరావు గారికి కంటబడిన ప్రతిదాని ఎత్తూ తెలిసి తీరాలి. తెలియకపోతే ఆయనకు అన్నం సయించదు. భిలాయి స్టీలు ప్లాంటులో ముప్ఫై నాలుగేళ్లు ట్రైలర్లకు లోడింగు చేయించి రిటైరయిన మనిషి. అడుగడుగుకీ ఎర్రగీత కొట్టిన పదహారడుగుల వెదురు గడకర్ర లేనిదే ఇల్లు కదలరు.

విజయనగరం నుంచి నీలిమ కోడలిగా సెక్టర్ 4 క్వార్టర్‌కి వచ్చిన రోజున, హారతి కన్నా ముందు ఆ గడకర్ర ఎదురైంది.

"ఐదడుగుల మూడంగుళాలు. గుమ్మం ఆరున్నర. దూరిపోతాది, రానీండి!"

నీలిమ కొయ్యబారిపోయింది. అత్తగారు వరలక్ష్మమ్మ ఆమె చెవిలో, "నయమే తల్లీ. నన్ను చూసుకోడానికొచ్చి మా అటక కొలిచారు," అంది.

ఈ పిచ్చికి ఫోన్ తోడైంది. దారి చూపే యాప్ ఒకటుంది. అందులో మ్యాప్‌ని జనమే దిద్దుకుంటారు. కారుకి దారి ఉంది, స్కూటరుకి ఉంది, లారీకి లేదు. కారు దూరే సందులోకే పద్నాలుగు చక్రాల ట్రైలర్‌నీ తోలేస్తుంది. మామగారు ఊళ్లో వంతెనలన్నీ కొలిచొచ్చారు గానీ, ఆ ఎత్తు రాయడానికి యాప్‌లో చోటే లేదు. ఒళ్లు మండి, ఊరి పక్క భిలాయి-3 దగ్గర ఒక వంతెన కింది దారిని మ్యాప్‌లో మూసేసినట్టు పెట్టేశారు.

మర్నాడు ఎవరో పెళ్లికొడుకు కారు పక్కూరు కుమ్హారి మీదుగా చుట్టు తిరిగి, ముహూర్తం దాటాక మండపం చేరింది. ఆ సంగతి తెలిసి నీలిమ మామగారి దగ్గరికి పరుగెత్తింది.

"కారు దూరుతుంది కదా మావయ్యగారూ!"

"కారు దూరుతాది. ట్రైలరు దూరదు. యాప్‌కి ఆ తేడా తెల్దు. నన్నేటి సెయ్యమంటావు?"

ఎవరో ఆ దారి తెరిచారు. ఈయన మళ్లీ మూశారు. అలా పదకొండుసార్లు.

తర్వాతి వారం హారన్ మోతకి తలుపు తీసిన నీలిమ నోరు తెరిచేసింది. గేటు ముందు ఇనుప చుట్టలతో ట్రైలర్, దాని వెనక ఇంకోటి! ఫోన్ చూస్తే మ్యాప్‌లో తమ క్వార్టర్ మీదే ఒక పేరు: 'పెద్ద బళ్లు ముందు ఇక్కడ ఆగవలెను.'

"ఎత్తు రాయనివ్వరు. పేరు రాయనిస్తారు," అన్నారు మామగారు గడకర్ర భుజాన వేసుకుంటూ.

ఆదివారం రాయపూర్ నుంచి మనోజ్‌కుమార్ దిగాడు. ఆ మ్యాప్ దిద్దేవాళ్ల మీద పెద్ద అతనే.

"అంకుల్, లేని ప్లేస్ పెడితే ఎకౌంట్ బంద్ చేయాలి. రూల్."

నరసింగరావు గారి మొహం పాలిపోయింది. గడకర్ర గోడకి ఆనించి, "నా ఎకౌంటు తీసెయ్ బాబూ. ఆ పేరొక్కటీ ఉంచు," అన్నారు.

నీలిమ నివ్వెరపోయింది. ఆ ఎకౌంటు ఆయనకు ప్రాణం. అంతలో గేటు దగ్గర ట్రైలర్ ఆపిన విశాఖ డ్రైవర్ సూర్యారావు ఆ మాటలు విని లోపలికొచ్చాడు.

"తీసీకండి బాబూ! ఆ యాప్ నన్ను వంతెన కిందకి తోలీసింది. లోడు ఇరుక్కుపోయింది. జనం ఒకటే తిట్లు. ఏడుపొచ్చీసింది. ఈ బాబు ఎండలో మూడు గంటలు నిలబడి, టైర్లలో గాలి తీయించి, ఎనక్కి రప్పించారు. ఇంకోసారొస్తే ముందు తన గేటు దగ్గరికే రమ్మన్నారు. అప్పట్నుంచి మేమందరం ఇక్కడికే వత్తన్నాం. లోడు కొలిచి, దూరే దారి సెప్తన్నారు."

అంటే ఇన్నాళ్లూ ఆ వెదురు గడ కొలుస్తున్నది ఇలాంటి వాళ్ల కోసమా! తను ఎన్నిసార్లు నవ్విందో తలుచుకుని నీలిమ సిగ్గుపడింది.

మనోజ్‌కుమార్ పది నిమిషాలు ఫోన్ నొక్కి, "లేని ప్లేస్ ఎలా అవుతుంది? అంకుల్ ఉన్నారుగా! టైమింగ్ పెట్టాను. పొద్దున్న ఆరు నుంచి రాత్రి ఎనిమిది," అన్నాడు.

"మధ్యాహ్నం రెండు గంటలు మూసీ బాబూ. పడుకోకపోతే ఆయనకి బీపీ లెగుస్తాది," అంది వరలక్ష్మమ్మ.

మర్నాడు సరిగ్గా ఆ రెండు గంటల్లోనే గేటు ముందు హారన్ మోగింది. మామగారు గుర్రు పెడుతున్నారు. నీలిమ అటూ ఇటూ చూసి, గడకర్ర అందుకుని బయటికి నడిచింది.

"ఎత్తెంత భయ్యా?"

అలా అడిగింది తనేనా అని ఆమే అదిరిపడింది. లోపల గుర్రు ఆగింది.

"పైన కట్టిన తాడు కూడా కలుపుకుని కొలువమ్మా!"